మా బావ దాచిన సూది

మా బావ క్రేన్ డ్రైవరు. రోడ్ల మీద తిరిగే క్రేన్ కాదు, కడుతున్న మేడల పక్కన ఒంటికాలి మీద నిలబడే పొడుగాటి క్రేన్. పంతొమ్మిదేళ్ళపాటు ఆయన ఉద్యోగం అరవై మీటర్ల ఎత్తున, ఒక మనిషి కాళ్ళు చాపితే నిండిపోయే గాజు గదిలో సాగింది. కొక్కేనికి ఏం తగిలించారో, అది ఎక్కడ దిగుతోందో ఆయనకి సరిగా కనబడదు. కింద వైర్‌లెస్ సెట్టు పట్టుకుని నిలబడి నేను చెప్పాలి. మా అక్కని చేసుకున్నాడు కాబట్టి బావ, పని నేర్పాడు కాబట్టి గురువు, రోజుకి పది గంటలు చెవిలో నా గొంతే వింటాడు కాబట్టి నా నోటిదురదకి మొట్టమొదట బలయ్యేవాడు.

నోటిదురద అని ఊరికే అనడం లేదు. "బావా, నువ్వు పైకెక్కాక క్రేనుకి వెనకాల బరువు సరితూగడానికి ఆ కాంక్రీటు దిమ్మలు దేనికి, దండగ!" అని సెట్టులో అంటే సైటంతా ఘొల్లుమనేది. మా దగ్గర మనిషి బరువు కిలోల్లో చెప్పరు, సిమెంటు బస్తాల్లో చెబుతారు. బస్తా అంటే యాభై. బావ పనిలో చేరినప్పుడు బస్తాన్నర, పెళ్ళినాటికి రెండుకి కాస్త తక్కువ. పోయినేడాది నూట ముప్ఫై ఎనిమిది తూగాడు. 'మూడు బస్తాలు' అని పేరు పెట్టింది నేనే. మేస్త్రీ నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరికీ అదే పేరు అలవాటైపోయింది. బావ కోప్పడేవాడు కాదు. "పన్నెండు కిలోలు ఎక్కువ చెబుతున్నావురా, తూకంలో మోసం," అనేవాడు. నవ్వేవాడు కూడా. ఆ నవ్వు చూసి నేను నిశ్చింతగా ఉండేవాణ్ణి, వెధవని.

ఒక మాట ముందే చెప్పాలి. ఆయన తిండిపోతు కాడు. పొద్దున్న ఆరుంముప్పావుకి నిచ్చెన ఎక్కితే దిగేది సాయంత్రమే. మధ్యలో దిగి మళ్ళీ ఎక్కితే గంట పని ఆగిపోతుంది. అందుకే మధ్యాహ్నం భోజనం బకెట్లో పెట్టి తాడుతో పైకి లాగుకుంటాడు. మిగతా అవసరానికి సీసా. లోడు తగిలించేదాకా కూర్చోవాలి, కిందివాళ్ళు విప్పేదాకా కూర్చోవాలి, కునుకు పట్టకుండా బిస్కెట్లు నమలాలి. పంతొమ్మిదేళ్ళు అలా కూర్చున్న ఒళ్ళు ఏమవుతుందో ఎవడైనా చెప్పగలడు. అయినా అందరూ ఆయన కంచం వంకే చూసేవాళ్ళు.

పనిలో మాత్రం ఆయనంత నిక్కచ్చి మనిషిని నేను చూడలేదు. ఏ లోడైనా ముందు బరువు చెప్పాలి, తర్వాతే లేపుతాడు. ఒకసారి ఇనప ఊచల కట్ట పదహారు వందల కిలోలన్నాను, కాగితం సరిగా చూడకుండా. పైన మీటరులో పదిహేడు వందల యాభై చూపించింది. క్రేను మోయలేని బరువేం కాదు. అయినా జాగ్రత్తగా దించేసి, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఒక్కటే మాట అన్నాడు: "బరువు దగ్గర అబద్ధమాడేవాడితో నేను పనిచెయ్యనురా." ఇంకో నియమం కూడా ఉంది. లోడు గాల్లో ఉండగా నేను తప్ప ఎవరూ సెట్టులో మాట్లాడకూడదు. కానీ 'ఆపు' అని మాత్రం ఎవరైనా అరవచ్చు. ఊడ్చే మనిషి అరిచినా సరే, ఎందుకని అడక్కుండా డ్రైవరు లివర్ల మీంచి చేతులు తీసెయ్యాలి. ముందు ఆపాలి, తర్వాతే అడగాలి.

కిందటేడు చివర్లో కంపెనీ డాక్టరు కొత్త కాగితం తెచ్చాడు. పైన డ్రైవరుకి గుండెనొప్పో కళ్ళుతిరగడమో వస్తే తాళ్ళు కట్టి కిందికి దించే సామాను నూట ఇరవై కిలోల వరకే మోస్తుందట. అంతకు మించినవాణ్ణి పైకి పంపడానికి వీల్లేదు. ఆర్నెల్ల గడువిచ్చి బావని స్టోర్సులో బోల్టులు, నట్లు లెక్కపెట్టే కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన క్రేనెక్కిన కొత్త డ్రైవరు లోడు ఊపుతుంటే బావ కిటికీలోంచి చూసి, "అబ్బా, మెల్లిగా, మెల్లిగా," అని తనలో తనే అనుకునేవాడు. ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని సగంలో లేచిపోయేవాడు. మా అక్కకి దిగులు పట్టుకుంది.

చివరికి అక్కే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. సర్జన్ ఓపికగల మనిషి. పొట్టలో ముప్పాతిక వంతు తీసేసి, అరటిపండంత గొట్టం మిగులుస్తామన్నాడు. కడుపు చిన్నదవడమే కాదు, ఆకలి కూడా తగ్గుతుందన్నాడు. అయితే దానికి ముందు కొన్ని కిలోలైనా తగ్గితే లోపలి కొవ్వు కరిగి కోత సులువవుతుందని, ఏం తినాలో రాసిచ్చాడు. బావ ఆ కాగితాన్ని క్రేను మాన్యువల్ చదివినంత శ్రద్ధగా చదివి, అక్షరం తప్పకుండా పాటించాడు. నెల తిరిగింది. తగ్గింది కిలోన్నర. ఐదో వారం నుంచి మాత్రం మంచులా కరగడం మొదలుపెట్టాడు.

నాకు ముందు సంతోషమే వేసింది. తర్వాత ఒకరోజు మధ్యాహ్నం స్టోర్సులో ఆయన డబ్బా తెరిచాను, ఏం తింటున్నాడో చూసి ఏడిపిద్దామని. మంచుముక్కల మధ్య గుడ్డలో చుట్టిన పెన్నులాంటిది కనబడింది. పక్కనే చిన్న సూదులు.

"ఇదేంటి బావా?"

ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. తలుపు దగ్గరకి వేసొచ్చాడు.

"వారానికోసారి వేసుకునేది. ఆకలి చచ్చిపోతుంది. జిమ్ము నడిపేవాడొకడు తెచ్చిస్తున్నాడు."

"డాక్టరుకి తెలుసా?"

"తెలీదు. తెలీకూడదు. మీ అక్క మీద ఒట్టు, ఎవరికీ చెప్పకు. మీ అక్కకి అసలు చెప్పకు!"

అక్క మీద ఒట్టేయించి అక్కకే చెప్పొద్దన్నాడు. ఆ క్షణాన నాకది నవ్వులాటగా అనిపించి సరేనన్నాను. మందేగా, విషం కాదుగా అనుకున్నాను.

ఆపరేషన్‌కి ఎదురుచూసేవాళ్ళకి ఆసుపత్రిలో రెండు వారాలకోసారి మీటింగు పెట్టేవారు. గుండ్రంగా కుర్చీలు, మూల ఒక తూకం మిషను. అక్కకి పని ఉంటే బావకి తోడు నేనెళ్ళేవాణ్ణి. పన్నెండు, పదమూడు మంది వచ్చేవారు. అందులో ఒక స్కూలు టీచరమ్మ ఉండేది. తిన్న ప్రతి ముద్దా చిన్న డైరీలో రాసుకునే మనిషి. ఎవరు ఏ ప్రశ్న అడిగినా దాన్ని ఇంకాస్త స్పష్టంగా ఆవిడే మళ్ళీ అడిగేది. ఒకరోజు సర్జన్ రాబోయే కాలం గురించి చెప్పాడు. వారం సూదులు నెలకోసారి చాలే రోజులు రావచ్చట. సూది బదులు మాత్రలు అందరికీ అందచ్చట. కోత లేకుండా నోట్లోంచి గొట్టం దింపి లోపలే పొట్టని కుట్టేసే పద్ధతి ఇంకా మెరుగవ్వచ్చట.

"అయితే గోటితో పోయేదానికి గొడ్డలెందుకండీ? నాలుగేళ్ళు ఆగితే కత్తి అవసరమే ఉండదేమో కదా?" అంది టీచరమ్మ.

"ఉండకపోవచ్చు. కొందరికి కత్తే మేలని తేలచ్చు. కొందరికి రెండూ కావలసి రావచ్చు. నేను జాతకం చెప్పలేనమ్మా," అన్నాడు డాక్టరు. "మందు ఆపేస్తే చాలామందికి బరువు తిరిగొస్తోంది, అది మాత్రం ఇవాళే తెలుసు. మందుల కోసం మీరు నాలుగేళ్ళు ఆగుతారు సరే, అన్నాళ్ళూ మీ మోకాళ్ళు ఓర్చుకుంటాయా, మీ గుండె ఓర్చుకుంటుందా అన్నది మీరు ఆలోచించాలి."

గదిలో అందరూ తమ మోకాళ్ళ వంక చూసుకున్నారు. అప్పుడే డాక్టరు మా బావని లేపి నిలబెట్టాడు. "ఈయన్ని చూడండి. మందూ మాకూ లేకుండా, నోరు కట్టుకుని పదకొండు కిలోలు తగ్గాడు!" చప్పట్లు మోగాయి. టీచరమ్మ డైరీ ఒళ్ళో పెట్టుకుని మరీ కొట్టింది. బావ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక చొక్కా గుండీ పట్టుకుని నిలబడ్డాడు. తేలు కుట్టిన దొంగ మొహం నాకే కనబడింది, మిగతావాళ్ళకి అది సిగ్గులా కనబడింది.

బయటికొచ్చాక అన్నాను. "చెప్పెయ్ బావా. ఆయనే చెబుతున్నాడుగా సూదుల గురించి, తప్పేముంది?"

"చప్పట్లు కొట్టారు కదరా," అన్నాడు. "చిన్నప్పట్నుంచి నా ఒళ్ళు చూసి నవ్వినవాళ్ళే గానీ చప్పట్లు కొట్టినవాళ్ళు లేరు. ఇప్పుడెళ్ళి కాదని ఎలా చెప్పను?"

నవ్వినవాళ్ళలో మొదటివాణ్ణి పక్కనే నడుస్తున్నాను. ఆ రోజు నుంచి నేను బస్తాల మాట ఎత్తలేదు.

ఆపరేషన్ బుధవారం పడింది. కంపెనీ గడువుకి ఇంకా ఆరు వారాలుంది. అంతా అనుకున్నట్టు జరిగితే నూట ఇరవైకి దిగి, మళ్ళీ తన గాజు గది ఎక్కచ్చని బావ లెక్క. పొద్దున్న తొమ్మిదికి వార్డులో నీలం గౌనులో మంచం మీద కూర్చున్నాడు. అక్క కౌంటరు దగ్గర సంతకాలు పెడుతోంది. ఊసుపోక నేను నర్సు ఇచ్చిన కాగితం చదవసాగాను. నగలు తీసెయ్యండి, గోళ్ళరంగు వద్దు, ఇలాంటివన్నీ ఉన్నాయి. ఏడో లైను దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. 'ఆకలి తగ్గించే వారపు సూదులు వాడుతుంటే తప్పకుండా ముందే చెప్పండి. వాటి వల్ల పొట్ట ఖాళీ కావడం ఆలస్యమవుతుంది. మత్తులో ఉండగా పొట్టలోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం.' కింద 'ప్రస్తుతం వాడుతున్న మందులు' అన్నచోట బావ గుండ్రటి అక్షరాలు: 'ఏమీ లేవు.'

ఆ కాగితం బావ ముందు పెట్టాను.

"ఆఖరిది ఎప్పుడు వేసుకున్నావ్?"

"సోమవారం."

"మొన్ననా!"

"మెల్లిగా మాట్లాడు. రాత్రి ఏడింటికి తిన్నాను. పద్నాలుగు గంటలైంది. ఇంకా ఏముంటుందిరా లోపల?"

"అది చెప్పాల్సింది నువ్వు కాదు. ఇప్పుడే చెప్పెయ్ బావా, దండం పెడతాను."

"చెబితే వాయిదా వేస్తారు. వాయిదా అంటే గడువు దాటినట్టే, నా సీటు ఆ కొత్త డ్రైవరుకి ఖాయమైనట్టే. ఆ డాక్టరు మొహం ఎలా చూడమంటావ్? మీ అక్క మొహం?"

"బరువు దగ్గర అబద్ధమాడేవాడితో పనిచెయ్యనన్నావ్ కదా నువ్వు!"

ఆయన నా వంక చూడలేదు. "నువ్వు ఒట్టేశావ్," అన్నాడు. అంతలో అక్క వచ్చింది. ఆయన నుదుటి మీద చెయ్యి వేసి, "భయపడకు," అంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. చెబితే బావ పంతొమ్మిదేళ్ళ బతుకు నా నోటితో కూల్చినవాణ్ణవుతాను. చెప్పకపోతే ఏమవుతుందో ఆ ఏడో లైనులో అచ్చేసి ఉంది. పొట్టలో ఏమీ ఉండకపోవచ్చు కూడా. ఏమీ లేకపోతే ఊరికే ఆయన పరువు తీసినవాణ్ణవుతాను. జీవితమంతా అక్కర్లేనిచోట వాగినవాణ్ణి, అక్కడ ఒక్క ముక్క పెగల్లేదు.

ట్రాలీ తోసే మనిషి వచ్చాడు. బావ ఎక్కి పడుకున్నాడు. చక్రాలు కదిలాయి. పొడుగాటి వరండా, చివర రెండు రెక్కల తలుపు, దాని మీద ఎర్ర దీపం. నేనూ అక్కా ట్రాలీ పక్కనే నడుస్తున్నాం. తలుపు ఇరవై అడుగుల దూరంలో ఉంది, పదిహేను, పది. తలుపు తెరుచుకుని ఆకుపచ్చ టోపీలో మత్తు డాక్టరమ్మ బయటికొచ్చి, "రండి, రండి," అని నవ్వింది.

"ఆపు!"

సైటులో అరిచే గొంతుతో అరిచాను. ఆ వరండాలో అంత గొంతు ఎప్పుడూ ఎవరూ వినుండరు. తోసేవాడు బిగుసుకుపోయాడు. బావ రెండు చేతులూ దుప్పట్లోంచి పైకి లేచి, లివర్లు వదిలేసినట్టు వేళ్ళు విప్పుకుని గాల్లో నిలిచిపోయాయి. ఆయన వద్దనుకున్నా ఆ మాట వినగానే ఆ చేతులు అలా లేస్తాయి. ఆ చేతుల వంక చూస్తూనే చెప్పేశాను. "ఈయన వారం సూది వేసుకుంటున్నాడండీ. మొన్న కూడా వేసుకున్నాడు. కాగితంలో రాయలేదు."

బావ కళ్ళు మూసుకున్నాడు. అక్కకి ఏమీ అర్థం కాలేదు. మత్తు డాక్టరమ్మ మాత్రం ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా ట్రాలీని పక్కగదిలోకి తిప్పించింది. స్కానింగు మిషను తెప్పించి, బావని కుడిపక్కకి తిరగమని పొట్ట మీద జెల్లు రాసింది. తెర మీద బూడిదరంగు మబ్బులాంటిది ముద్దగా కదిలింది. ఆవిడ తెరని మా వైపు తిప్పింది.

"ఇది నిన్న రాత్రి భోజనం," అంది. "ఖాళీ పొట్టనుకుని మత్తిచ్చేదాన్ని. ఇదంతా ఊపిరితిత్తుల్లోకి వెళ్ళుంటే ఏమయ్యేదో ఈవిడ ముందు చెప్పను. ఇవాళ ఆపరేషన్ లేదు."

సర్జన్ వచ్చాడు. తిడతాడనుకున్నాను. ఆయన మంచం అంచున కూర్చుని, "అడిగి ఉంటే ఆ మందు నేనే రాసిచ్చేవాణ్ణి కదయ్యా," అన్నాడు. బావ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ వీపు కదులుతుంటే ఏడుస్తున్నాడని తెలిసింది.

అక్క నన్ను వరండాలోకి లాక్కొచ్చింది. బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. ఆ మాటేదో అని నా తల నిమురుతుందనుకున్నాను, సిగ్గులేకుండా.

"నీకెప్పట్నుంచి తెలుసు?" అంది.

"పదకొండు వారాలైంది."

"పదకొండు వారాలు మా ఇంటికొచ్చి, నా చేతి అన్నం తిని, నా మొహం చూసి నవ్వి వెళ్ళావు. ఇంకో పది అడుగులు నీకు నోరు రాకపోతే?"

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. నాలుగు రోజులు నా ఫోను ఎత్తలేదు.

డాక్టర్లు కొత్తగా లెక్కలు వేశారు. సూది ఇకమీదట వాళ్ళ చేతుల మీదుగానే సాగుతుంది. కోత కావాలా, మందుతోనే దిగుతుందా, రెండూ కావాలా అన్నది రెండు నెలలయ్యాక చూస్తారు. గడువులోగా అయితే కుదరదు. కంపెనీ ఆ సీటు కొత్తవాడికే ఇస్తానంది. బావకి స్టోర్సు కుర్చీ మిగిలింది. ఐదో రోజు ఆయనే ఫోను చేశాడు. నన్ను తిట్టలేదు, మెచ్చుకోలేదు.

"గురువారం మీటింగుంది. అందరి ముందూ చెప్పాలి. తోడు రారా," అన్నాడు.

"డాక్టరు చెప్పమన్నాడా?"

"లేదు. నన్ను చూసి వాళ్ళు కడుపు మాడ్చుకుంటున్నారు. తప్పు బరువు చెప్పానురా వాళ్ళకి."

గురువారం వెళ్ళాం. అక్క కూడా వచ్చింది, నాకు రెండు కుర్చీల అవతల కూర్చుంది. బావ లేచి నిలబడ్డాడు. సూది గురించి చెప్పాడు, జిమ్ము మనిషి గురించి చెప్పాడు, తెర మీద కనబడిన అన్నం గురించి చెప్పాడు. "మీరు నాకు కొట్టిన చప్పట్లు నావి కాదు. క్షమించండి," అని కూర్చున్నాడు.

కోప్పడతారేమో, లేచి వెళ్ళిపోతారేమో అనుకుంటూ నేను ఒక్కొక్కరి మొహమే చూస్తున్నాను. అప్పుడు టీచరమ్మ డైరీ మూసేసింది. మెల్లిగా, తరగతిలో పిల్లలెత్తినట్టు, చెయ్యెత్తింది.

"నేను కూడా వేసుకుంటున్నానండీ," అంది. "ఇందులో రాయలేదు."

సర్జన్ గభాలున ఫైలు తిరగేశాడు. ఆవిడ ఆపరేషన్ మర్నాడు పొద్దున్న ఏడున్నరకి.